పాత టేబుల్ సా స్టాండు: బాగుచేసి చాలాకాలం వాడాక

టేబుల్ సా అంటే బల్ల మధ్యలోంచి బ్లేడు పైకి వచ్చే కరెంటు రంపం. దాని సెకండ్ హ్యాండ్ స్టాండు చూడ్డానికి వెళ్లినవాళ్ల చూపు ముందు తుప్పు మీద పడుతుంది. తుప్పుదేముంది, ఎమిరీ పేపరుతో గీకి రంగేస్తే సరి. చూడాల్సింది మడత దగ్గరి బోల్టు రంధ్రాలు. నాది చక్రాలున్న, మడిచి నిలబెట్టుకునే రకం. 10 అంగుళాల బ్లేడు రంపం ఎక్కించి అంచు పట్టుకుని కదిపితే మొత్తం అటూ ఇటూ ఊగేది. కాళ్లు తిన్నగానే ఉన్నాయి, వెల్డింగులూ ఎక్కడా పగల్లేదు. ఊపంతా కాళ్లు ఒకదాన్నొకటి దాటే చోట ఉంది.

బోల్టు ఊడదీస్తే గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోలగా సాగిపోయి కనిపించింది. మధ్యలో ఉండాల్సిన నైలాన్ వాషర్లు పూర్తిగా అరిగి, ఇనుము ఇనుమునే రాసుకుంటోంది. ఇలాంటప్పుడు చాలామంది నట్టు ఇంకాస్త బిగించి ఊరుకుంటారు. లోపల బోలు పైపు కదా, బిగించేకొద్దీ దాని గోడలు నొక్కుకుపోతాయి. ఊపు తగ్గినట్టే ఉంటుంది గానీ తర్వాత స్టాండు సరిగా మడతపడదు.

నేను 8 మి.మీ. రంధ్రాలను 10కి పెంచి, బయట 10, లోపల 8 మి.మీ. ఉన్న స్టీలు గొట్టం ముక్కల్ని పైపు వెడల్పుకి సరిగ్గా కోసి దూర్చాను. పైపును బెంచ్ డ్రిల్లు కింద బిగించి వేస్తేనే రెండు గోడల రంధ్రాలూ ఒకే వరుసలో వస్తాయి. చేత్తో వేస్తే పక్కకి పోవడం ఖాయం. ఇప్పుడు బోల్టు బిగింపు పైపు గోడల మీద కాక గొట్టం మీద పడుతుంది. మధ్యలో కొత్త నైలాన్ వాషర్లు, చివర కొత్త నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండేది). లూజు పోయేదాకా బిగించి ఒక్క పిసరు వెనక్కి తిప్పాలి. మామూలు నట్టును అలా వదిలితే అదురుకి ఊడొస్తుంది, నైలాక్ ఉన్నచోటే ఉంటుంది. అన్నట్టు, కీళ్లకి గ్రీజు పెట్టకండి. రంపపు పొట్టంతా దానికే అంటుకుని పేస్టు అవుతుంది. గ్రాఫైట్ పొడి చాలు.

నాకు ఎక్కువ సమయం పట్టింది మాత్రం మట్టం దగ్గర. రసమట్టం పెడితే స్టాండు ఎటు వాలిందో తెలుస్తుంది గానీ మెలి తిరిగిందీ లేనిదీ తెలియదు. దానికి పై ఫ్రేము మూలల మధ్య ఐమూలగా రెండు దారాలు బిగించి కట్టాలి. అవి కలిసేచోట ఒకదాన్నొకటి ఊరికే తాకితే సరే. ఎడం వస్తే మెలి ఉన్నట్టు. పైదారాన్ని కిందికి మార్చి మళ్లీ చూస్తే అనుమానం ఉండదు.

ఈ మెలి రంపం దాకా పోతుంది. ప్లగ్గు పీకి, బ్లేడులో ఒక పన్ను మీద మార్కరుతో గుర్తు పెట్టి, టేబుల్ మీది గాడి నుంచి దానికున్న దూరం ముందువైపు ఒకసారి, బ్లేడు తిప్పి అదే పన్ను దగ్గర వెనకవైపు ఒకసారి కొలిచాను. బ్లేడు గాడికి సమాంతరంగా ఉంటే రెండూ సమానం కావాలి. కలవలేదు. రంపాన్ని స్టాండుకి పట్టి ఉంచే నాలుగు బోల్టుల్లో ఒక్కటి వదులు చేయగానే కలిశాయి. అంటే ఆ మూలలో ఉన్న సందుని బోల్టు లాగి పెడుతోంది, దాంతో రంపం అడుగు వంగుతోంది. అక్కడొక పలుచటి రేకు పెట్టి బిగించాక చెక్క అంచు కాలడం కూడా తగ్గింది. కొత్త స్టాండు కొన్నా ఈ పరీక్ష చేయమనే చెబుతాను.

చక్రాల రంధ్రాలు అరిగి గడగడమనేవి, వాషర్లతో సర్దాను. కాళ్ల రబ్బర్లు మార్చాను. తెరిచిన స్టాండు మడతపడకుండా ఆపే లాకు పిన్ను స్ప్రింగులో పొట్టు దూరి అప్పుడప్పుడూ సగంలోనే ఆగుతుంది, బ్రష్షుతో దులిపితే పడుతుంది. అది పూర్తిగా పడిందని కంటితో చూడకుండా రంపం ఆన్ చేయను. మీ స్టాండుకి గ్యాస్ స్ట్రట్ (ఎత్తడానికి సాయపడే, గ్యాస్ నింపిన కడ్డీ) ఉండి అది బలహీనపడితే కొత్తది వేసుకోండి. లోపల గ్యాస్ గట్టి ఒత్తిడిలో ఉంటుంది, విప్పే వస్తువు కాదు.

కీళ్లు ఇప్పటికీ బిగువుగానే ఉన్నాయి. ఒక లోపం మాత్రం మరమ్మతుకి లొంగదు: పొడవాటి పలక తోస్తే బరువంతా వెనక్కి మళ్లి ముందు కాళ్లు లేవబోతాయి. 2440 మి.మీ. ప్లైవుడ్ షీటు అయితే వెనక షీటు బరువు మోసే రోలరు స్టాండు ఒకటి పెట్టుకోవాల్సిందే. అదీ లేనప్పుడు షీటుని ముందు చేతి రంపంతో రెండు ముక్కలు చేసి తెచ్చుకుంటాను.