ఆర్డర్ ట్యాబ్‌లు: మా హోటల్ అనుభవం

రాజమండ్రిలో మాది భోజనాలు, బిర్యానీల హోటల్. అన్నయ్య వంటగది చూసుకుంటాడు, నేను కౌంటర్‌లో ఉంటాను. టేబుళ్ల దగ్గర ఆర్డర్ తీసుకునే కెప్టెన్ల చేతిలో ట్యాబ్‌లు, టేబుళ్ల మీద క్యూఆర్ మెనూ, కౌంటర్లో బిల్లింగ్ అన్నీ ఒకే కంపెనీ నుంచి తీసుకుని చాలాకాలంగా వాడుతున్నాం. కంపెనీ పేరు రాయడం లేదు. ఎవరి దగ్గర కొన్నా చూసుకోవాల్సినవి ఇవే.

డబ్బు పెట్టినందుకు ఫలితం నిజంగా కనిపించింది వంటగదిలోనే. కెప్టెన్ టేబుల్ దగ్గర నొక్కగానే రోటీలు తందూరి దగ్గర ప్రింటర్‌కి, పులుసులు, వేపుళ్లు లోపలి ప్రింటర్‌కి విడివిడిగా వెళ్తాయి. కేఓటీ, అంటే వంటగదికి వెళ్లే ఆర్డర్ స్లిప్పు మీద టేబుల్ నంబర్, టైము, "కారం తక్కువ", "ఉల్లి వద్దు" అన్నీ ఉంటాయి. ఆదివారం మధ్యాహ్నం ఎవరిది ముందు, ఎవరిది వెనక అన్న గొడవ బాగా తగ్గింది. వంట మాస్టర్‌కీ కెప్టెన్‌కీ మధ్య అరుపులు లేని వంటగది ఎంత హాయిగా ఉంటుందో ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకు తెలుసు.

అయితే ఆ స్లిప్పు తెలుగులో రావాలి. మా మాస్టర్లలో ఇంగ్లిష్ గబగబా చదవగలిగేవాళ్లు తక్కువ. అమ్మేటప్పుడు "తెలుగు సపోర్ట్ ఉంది" అన్నారు. తీరా చూస్తే తెలుగు ట్యాబ్ తెర వరకే. కాగితం మీద ప్రశ్నార్థకాలు, గళ్లు వచ్చాయి. చాలా థర్మల్ ప్రింటర్లలో తెలుగు ఫాంట్ ఉండదు. యాప్ ఆ అక్షరాలను బొమ్మగా మార్చి పంపితేనే పడతాయి. ఎన్నో ఫోన్ల తర్వాత అప్‌డేట్ ఇచ్చారు. మొదట్లో ఒత్తులు విడిపోయి "బొమ్మిడాయిల పులుసు" చదవడానికే కష్టమైంది, తర్వాత సరిచేశారు. బొమ్మగా వెళ్తుంది కాబట్టి స్లిప్పు రావడం కాస్త ఆలస్యమవుతుంది. అయినా నాకు తెలుగు స్లిప్పే కావాలి.

ఇంకో ఇబ్బంది ధరలు. వరద నీటికి గోదావరిలోకి పులస వచ్చే రోజుల్లో దాని రేటు రోజుకో రకంగా ఉంటుంది. యాప్ మాత్రం ప్రతి ఐటమ్‌కీ ఒకే ధర పెట్టమంటుంది. ఆర్డర్ తీసుకునేటప్పుడు ధర వేసుకునే ఆప్షన్ ఉంది గానీ, అది పెడితే క్యూఆర్ మెనూలో పులస పులుసు సున్నా రూపాయలని చూపిస్తుంది. చేపల వంటలు చేసే హోటల్ వాళ్లు కొనేముందు ఈ సంగతి అడిగి తీరాలి. అయిపోయిన ఐటమ్‌ని ఆపేయడం మాత్రం చాలా తేలిక. కౌంటర్లో ఒక్కసారి నొక్కితే అన్ని ట్యాబ్‌లలోంచీ పోతుంది.

క్యూఆర్ ఆర్డరింగ్ మీద నాకు ఇష్టం పోయింది. కరోనా రోజుల్లో మెనూ కార్డు ముట్టుకోవడానికి భయపడ్డారు కాబట్టి దానికి అర్థం ఉండేది. ఇప్పుడు అమ్మమ్మ దగ్గర్నుంచి పిల్లల దాకా కుటుంబమంతా వచ్చి ఒక ఫోన్ చుట్టూ మూగడం చూస్తే బాధేస్తుంది. "ఇవాళ ఏం బాగుంది బాబూ?" అని పెద్దవాళ్లు అడిగితే జవాబు చెప్పేది కెప్టెనే. పైగా మా యాప్ మెనూ చూపించే ముందే ఫోన్ నంబర్, ఓటీపీ అడిగేది. ఫోన్ నంబర్ ఇవ్వమని కొనేవాళ్లను బలవంతపెట్టొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే దుకాణాలకు సూచించింది. అన్నం తినడానికి వచ్చిన మనిషిని నంబర్ అడగడం నాకు అస్సలు నచ్చదు. పట్టుబట్టి ఆ స్క్రీన్ తీయించాను.

బిల్లింగ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 5 శాతం జీఎస్టీని సగం సగం విడదీసి చూపిస్తుంది, బిల్లు మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత లైసెన్స్) నంబర్ దానంతటదే పడుతుంది. నెట్ పోయినా కెప్టెన్ ట్యాబ్‌లు హోటల్లోని వైఫై మీదే కౌంటర్ కంప్యూటర్‌తో మాట్లాడుకుంటాయి, ఆర్డర్లు ఆగవు. కరెంటు పోతే రౌటర్ కూడా ఆగిపోతుంది కాబట్టి దానికీ, ప్రింటర్లకూ యూపీఎస్ పెట్టాం.

కొత్తగా తీసుకునేవాళ్లు డెమోని వాళ్ల ఆఫీసులో కాకుండా మీ వంటగదిలో, మీ ప్రింటర్ మీద, మీ మెనూతో చూపించమనండి. ఒత్తులున్న పేర్లు నాలుగు ప్రింట్ చేయించండి. వాడటం మానేస్తే మెనూ, అమ్మకాల లెక్కలు ఎక్సెల్‌లో చేతికిస్తారో లేదో ముందే రాయించుకోండి. మేం ఈసారి కెప్టెన్ ట్యాబ్‌లు, బిల్లింగ్ వరకే రెన్యువల్ చేస్తున్నాం. టేబుళ్ల మీదికి తెలుగులో అచ్చు వేయించిన మెనూ కార్డులు వచ్చేశాయి.