ఏమీ చెప్పని దీవి: ‘ది విట్‌నెస్’తో ఏడేళ్లు

మా టీవీ కింది అరలో, రిమోట్ల పక్కన ఒక గళ్ల నోటుపుస్తకం ఉంటుంది. చిన్నప్పుడు లెక్కలకు వాడేవాళ్లం చూడండి, ఆ రకం. ఇంటికొచ్చినవాళ్లు తిరగేసి పిల్లల పిచ్చిగీతలనుకుంటారు. అవి నా గీతలు. ముప్పై ఎనిమిదో ఏట మొదలుపెట్టాను, నలభై అయిదు వచ్చినా పుస్తకం అలమారలోకి పోలేదు.

దీనికి కారణం ‘ది విట్‌నెస్’ అనే గేమ్. 2016 జనవరి 26న పీసీకి, ప్లేస్టేషన్ 4కి వచ్చింది. చేసినాయన జోనథన్ బ్లో. 2008లో ఆయన చేసిన ‘బ్రెయిడ్’ బాగా అమ్ముడుపోతే, ఆ వచ్చిన డబ్బును దీని మీద పెట్టి, చిన్న బృందంతో ఏళ్ల తరబడి కూర్చుని తయారుచేశాడు. నేను కొన్నది 2018 డిసెంబరులో, పీసీ గేములమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ సేల్‌లో. అప్పటికి దీని గురించి నాకు తెలిసింది స్క్రీన్‌షాట్లలోని రంగులు మాత్రమే. గులాబి రంగు చెట్లు, నారింజ రంగు చెట్లు, నీలి సముద్రం. ఆఫీసు అయ్యాక కాసేపు అలా తిరిగొద్దామని కొన్నాను. తిరగడం అనుకున్నంత సులువు కాదని రెండో రోజుకే తెలిసింది.

మొదలవ్వగానే చీకటి సొరంగం. చివర ఒక తలుపు, దాని మీద మెరిసే పలక, పలక మీద ఒక గుండ్రం, దాన్నుంచి అడ్డంగా ఒక గాడి. గుండ్రం మీద నొక్కి, గాడి వెంట గీతను చివరిదాకా లాగితే తలుపు తెరుచుకుంటుంది. బయటికొస్తే ఎండ, చెట్లు, పాతబడిన ప్రహరీ గోడ, దూరంగా కొండ. చుట్టూ సముద్రం. మీరెవరో చెప్పరు. ఇక్కడికి ఎందుకొచ్చారో చెప్పరు. మాట్లాడదామంటే మనిషి లేడు, అక్కడక్కడా నిలబడ్డ రాతి బొమ్మలు తప్ప. వెనకాల సంగీతం కూడా లేదు. మన అడుగుల చప్పుడు, గాలి, నీళ్లు, అంతే. మొదటి రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడుతుంటే ఇదేదో దయ్యాల గేమేమో, వెనక నుంచి ఎవరైనా మీద పడతారేమో అని టెన్షన్ పడ్డాను. అలాంటిదేమీ లేదు. ఈ దీవిలో మిమ్మల్ని చంపేది ఏదీ లేదు. అందుకే ఇంట్లో చిన్నపిల్లలున్నా ధైర్యంగా పెట్టుకోవచ్చు.

దీవి చిన్నదే. ఈ చివర నుంచి ఆ చివరకు కొద్ది నిమిషాల్లో నడిచిపోవచ్చు. కానీ అడుగడుగునా పలకలే. 600 పైచిలుకు పజిల్స్ ఉన్నాయి, అన్నిట్లోనూ చేయాల్సిన పని ఒకటే, గుండ్రం నుంచి చివరకు గీత గీయడం.

మా అమ్మ ఒకరోజు వెనక నిలబడి చూసి, "ముగ్గులేస్తున్నావేంట్రా" అంది. ఆవిడ అలా అనుకోవడంలో తప్పేం లేదు, గళ్ల మీద నల్ల చుక్కలున్నాయి మరి. ఆ చుక్కలన్నిటి మీదుగా గీత పోవాలమ్మా, ఒక్కటీ వదలకూడదు అని చెప్పాను. "చుక్క మీద నుంచి పోవడమేంటి, చుట్టూ కదా తిరగాలి" అంది. గీత తనను తాను దాటకూడదని కూడా చెప్పేసరికి ఆవిడకు పూర్తిగా విసుగొచ్చింది. మెలికల ముగ్గుకు ఆ దాటుకోవడమే అందం. కానీ వెళ్లిపోలేదు. నేను ఆరోసారి తప్పు గీస్తుంటే, "ఆ మూల నుంచి రారా, లేకపోతే ఆ పక్క చుక్క మిగిలిపోతుంది" అంది. అలా వెళ్తే పలక వెలిగింది.

చుక్కల నియమం అమ్మకు నేను చెప్పాను గానీ, నాకు గేమ్ చెప్పలేదు. అసలు విషయం ఇదే. ఎక్కడా ఒక్క ముక్క సూచన ఉండదు. వరసగా అయిదారు పలకలు పెట్టి, ఒకదాని నుంచి ఒకదానికి కరెంటు తీగ లాగి ఉంచుతారు. మొదటిది ఎంత తేలికంటే తప్పు చేద్దామన్నా కుదరదు. రెండోది కాస్త తిరకాసు. మూడోదాంట్లో మీరు ఇప్పటిదాకా అనుకున్న నియమం తప్పని తేలుతుంది. వెనక్కి పోయి మొదటి రెండిటినీ మళ్లీ చూసుకుంటే, ఓహో ఇదా సంగతి అని తడుతుంది. పోనీ గుడ్డిగా అన్ని దారులూ గీసి చూద్దామంటే దానికీ విరుగుడుంది. కొన్నిచోట్ల తప్పు గీస్తే పలక ఆరిపోతుంది, వెనకటి దాన్ని మళ్లీ గీస్తేనే ఇది వెలుగుతుంది. ఈ చిన్న ఏర్పాటు వల్ల నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో, అన్నిసార్లూ తర్వాత దండం పెట్టుకున్నాను.

కొన్నిచోట్ల జవాబు పలకలో ఉండనే ఉండదు. ఒక ఆపిల్ తోట ఉంది. ప్రతి చెట్టు ముందు ఒక పలక, దాని మీద కొమ్మలు కొమ్మలుగా చీలిన గీత. ఏ కొమ్మకు పోవాలి? పలకను ఎంతసేపు చూసినా తెలియదు. తలెత్తి చెట్టును చూడాలి, ఒక్క కొమ్మకే ఆపిల్ ఉంటుంది. సరే, కిటుకు దొరికిందని తర్వాతి చెట్ల దగ్గరికి పోతే, ఆపిల్ ఆకుల చాటున ఉంటుంది, చెట్టు చుట్టూ తిరిగి వెతుక్కోవాలి. ఒక చెట్టుకు ఎంత వెతికినా ఆపిల్ లేదు. పావుగంట తిరిగాను. విసుగొచ్చి కిందికి చూస్తే ఒక కొమ్మ విరిగి నేల మీద పడి ఉంది, ఆపిల్‌తో సహా. అది చెట్టులో ఎక్కడ ఉండేదో ఊహించుకుని గీయాలి. ఎడారి దగ్గర మరో తమాషా. అక్కడ పలకలను ఎదురుగా కాకుండా, ఎండ మెరుపు పడే కోణంలో నిలబడి చూడాలి.

ఒక్కసారి మాత్రం దొంగదారి పట్టాను. చిత్తడి నేల దగ్గర పసుపు రంగు ఇటుకల బొమ్మలు వస్తాయి. గీతతో చుట్టిన జాగా ఆ ఇటుకల ఆకారంలోనే ఉండాలి. రెండు ఆకారాలు కలిసొచ్చే పలక దగ్గర నాలుగు రోజులు కూర్చున్నాను. అయిదో రోజు యూట్యూబ్ తెరిచి జవాబు చూసి గీసేశాను. వెలిగింది. వెంటనే పక్క పలక. అదే నియమం, ఇంకో మెలిక. దానికీ యూట్యూబే దిక్కు. మూడోదానికీ అంతే. అప్పుడర్థమైంది నేను చేసిన పనేంటో. జవాబు కొట్టేయొచ్చు, నియమం కొట్టేయలేం. కళ్లు మూసుకుని వీడియో కట్టేసి, మొదటి పలకకు తిరిగొచ్చి, నోటుపుస్తకంలో ఇటుకలు గీసుకుని, కత్తిరించి, బల్ల మీద అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను. ఆ కాగితం ముక్కలు ఇప్పటికీ పుస్తకంలో ఉన్నాయి.

అడవిలో పక్షి కూతలు. కూత కిందిస్థాయిలో ఉంటే గీత కిందికి, పైస్థాయిలో ఉంటే పైకి, మధ్యలో ఉంటే మధ్యకు. మనకు సంగీతం సున్నా. పైగా మా హాల్లో ఫ్యాను చప్పుడు, వంటింట్లో కుక్కరు విజిల్. ఒక సాయంత్రం మా ఆవిడ కూరగాయలు తరుగుతూ విని, "స... ప... గ... స అంటోంది కదండీ, అంత కష్టమేముంది" అని చాకు ఆపకుండానే చెప్పేసింది. చిన్నప్పుడు నాలుగేళ్లు సంగీతం నేర్చుకుంది. తర్వాతి పలకల్లో అసలు కూత మీద వేరే చప్పుళ్లు కలిపేస్తారు, వాటిని పట్టించుకోకుండా వినాలి. అడవి మొత్తం ఆవిడే చేసింది. నేను గీత గీసే గుమాస్తాను.

ఇక్కడే నా మొదటి ఫిర్యాదు. చెవులు సరిగ్గా వినబడనివాళ్లు ఈ అడవిలో ఏం చేయాలి? రంగుల పజిల్స్‌దీ అదే సమస్య. మా బావమరిదికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. వాడు నాకంటే తెలివైనవాడు, చుక్కలూ ఇటుకలూ నాకంటే వేగంగా చేశాడు. రంగు అద్దాల గది దగ్గరికొచ్చి ఆగిపోయాడు. "బావా, నాకన్నీ ఒకేలా ఉన్నాయి" అన్నాడు. ఊరట ఏంటంటే, ఒక్కో ప్రాంతం పజిల్స్ పూర్తి చేస్తే అక్కడి నుంచి కొండ మీదికి ఒక లేజర్ కిరణం వెలుగుతుంది, కొండలోకి దారి తెరవడానికి అలాంటి 11 లేజర్లలో 7 వెలిగిస్తే చాలు, కాబట్టి కొన్ని చోట్లను వదిలేసి కూడా ముగింపు చూడొచ్చు. అలాగే చూశాడు. కానీ వదిలేయడం వేరు, చేతకాక వదిలేయాల్సి రావడం వేరు.

రెండోది కడుపులో తిప్పడం. మొదటి వారం అరగంట ఆడితే చాలు, ఘాట్ రోడ్డులో బస్సు ఎక్కినట్టు ఉండేది. గదిలో లైటు వేసుకుని, తెరకు కాస్త దూరంగా కూర్చుని, మధ్యమధ్యలో లేచి నీళ్లు తాగుతూ ఆడితే తగ్గింది. మీకు బస్సు పడకపోతే ముందే జాగ్రత్త పడండి.

ఇక ఈ సమీక్ష ఏడేళ్లకు ఎందుకు రాస్తున్నానంటే, 2021లో నా ల్యాప్‌టాప్ చచ్చిపోయింది. అప్పటికి 9 లేజర్లు వెలిగించి ఉన్నాను. కొత్త ల్యాప్‌టాప్ కొనే స్థితి లేదు. స్నేహితుడి దగ్గర పాత ప్లేస్టేషన్ 4 తక్కువకు దొరికింది. గేమ్ మళ్లీ కొనాలి, మొదటి నుంచి మొదలుపెట్టాలి. వేరే గేముల్లో ఇలా జరిగితే ఏడుపే. కత్తులు, కవచాలు, నాణేలు, లెవెళ్లు అన్నీ పోయినట్టే కదా. ఇక్కడ పోవడానికి ఏమీ లేదు. ఈ దీవిలో మీరు జేబులో వేసుకునే తాళంచెవి ఒక్కటి కూడా ఉండదు. మొదటి రోజు మూసి ఉన్న పలక, నియమం తెలియక మూసి ఉంది, అంతే. మొదటిసారి ఏడాదిన్నర పట్టిన దూరం రెండోసారి తొమ్మిది రోజుల్లో అయిపోయింది. జవాబులు గుర్తున్నాయని కాదు, దాదాపు ఏవీ గుర్తులేవు. నియమాలు మాత్రం సైకిల్ తొక్కడంలాగా చేతిలో ఉండిపోయాయి.

ఇంకా ఆడనివాళ్లు దయచేసి తర్వాతి పేరా వదిలేయండి. నిజంగా వదిలేయండి, నేను ఊరికే అనడం లేదు.

మొదటిసారి కొండెక్కినప్పుడు, శిఖరం మీద ఊపిరి తీసుకుందామని ఆగి కిందికి చూశాను. దీవి మధ్యలో నది. ఒక చివర గుండ్రటి మడుగు, దాన్నుంచి వంకర తిరుగుతూ పోయే నీళ్లు. వారాల తరబడి ఆ నది ఒడ్డున నడిచాను. అయిదారు క్షణాలు అలాగే చూశాను. తర్వాత వీపు మీద చల్లగా ఏదో పాకినట్టయింది. గుండ్రం, దాన్నుంచి గీత. పలక మీద నొక్కినట్టే ఆ మడుగు మీద నొక్కి లాగాను. నది వెలిగింది. అంటే ఇన్నాళ్లూ పజిల్ పలకల్లోనే ఉందనుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఆఫీసుకు పోతూ ఫ్లైఓవర్ మలుపు, చివరన గుండ్రటి నీళ్ల ట్యాంకు చూసి బండి నెమ్మది చేశాను. వెనక ఆటో అతను హారన్ కొట్టాడు.

రెండోసారి కొండెక్కినప్పుడు అక్కడికొచ్చి ఆగాను. వీపు మీద ఏమీ పాకలేదు. తెలిసినదాన్ని తెలియనట్టు చూడడం కుదరదు. ఈ గేమ్ నాకు ఇచ్చిందీ, నా దగ్గర్నుంచి తీసుకున్నదీ ఆ ఒక్కటే.

నచ్చనివీ ఉన్నాయి. దీవిలో అక్కడక్కడా చిన్న రికార్డర్లు దొరుకుతాయి. వాటిల్లో శాస్త్రవేత్తలవి, ఆధ్యాత్మికవేత్తలవి మాటలు చదివి వినిపిస్తారు. కథ ఏదో బయటపడుతుందని ప్రతిదీ శ్రద్ధగా విన్నాను. కథ రాదు. గంభీరమైన గొంతులో గంభీరమైన మాటలు, అంతే. సగం తర్వాత వినడం మానేశాను. ఒకచోట ఒక వీడియో నడుస్తుంటే, ఒక గీత పూర్తి చేయడానికి దాదాపు గంట ఆగాలి. అది మనిషి సహనానికి పరీక్షో, ఆటపట్టించడమో నాకు అంతుపట్టలేదు. నేను మధ్యలో వదిలేసి అన్నానికి లేచాను.

కొండ అడుగున ఒక గ్రామఫోన్ ఉంది. దాన్ని ఆన్ చేయగానే నార్వే స్వరకర్త గ్రీగ్ సంగీతం మొదలవుతుంది, దీవి మొత్తంలో సంగీతమంటే అదే. పాట అయ్యేలోపు, అంటే ఆరున్నర నిమిషాలు అటూ ఇటూగా, అక్కడి పజిల్స్ అన్నీ పూర్తి చేయాలి. ప్రతిసారీ పజిల్స్ మారిపోతాయి. ఇన్నాళ్లూ ‘నెమ్మదిగా చూడు బాబూ’ అన్న గేమ్ ఒక్కసారిగా పరీక్ష హాల్లో ఆఖరి గంట కొట్టినట్టు తరుముతుంది. చెమటలు పట్టిన చేతులతో చివరి రెండు పలకల దాకా వెళ్లాను. ఇప్పటికీ పూర్తి కాలేదు. నెలకోసారి ప్రయత్నిస్తాను, ఓడిపోయి టీ పెట్టుకుంటాను.

కొనాలా అంటే, మీకు రోజూ ఏదో ఒకటి సాధించినట్టు కనబడాలంటే వద్దు. నేను వారమంతా ఒక్క పలక కూడా వెలిగించని వారాలున్నాయి. కథ కావాలన్నా వద్దు. ఒకే సమస్యను స్నానం చేస్తూ, క్యూలో నిలబడి, పప్పులో ఉప్పేస్తూ కూడా తలలో తిప్పుకోవడం మీకు సరదా అయితే కొనండి, గళ్ల పుస్తకం కూడా కొనండి.

మొన్న వేసవి సెలవుల్లో మా పదకొండేళ్ల అమ్మాయి కొత్తగా మొదలుపెట్టింది. మొదటి రెండు రోజులు పక్కనే కూర్చున్నాను. ఆపిల్ తోటలో విరిగిన కొమ్మ దగ్గర నేను ‘కిందికి చూడు’ అనలేదు గానీ, గొంతు సవరించుకున్నాను. అంతే, తిరిగి నా మొహం చూసి, నా చూపు ఎక్కడుందో చూసి, నేల మీది కొమ్మ కనిపెట్టేసింది. ఆ తర్వాత దానికి కోపం వచ్చింది. "నాన్నా, నువ్వు చెప్పేశావు" అని అరగంట మాట్లాడలేదు. ఇప్పుడు చిత్తడి నేల దగ్గర ఉంది. నా పాత కాగితం ముక్కలు ఇస్తానంటే వద్దంది, తనే కొత్తవి కత్తిరించుకుంది. కొండ ఇంకా ఎక్కలేదు. తను ఆడుతున్నంతసేపూ నన్ను హాల్లోకి రానివ్వడం లేదు.