పాత కారు: షోరూమ్‌లో ఎక్స్‌చేంజా, బయట అమ్మకమా?

ధర: నాలుగు డబ్బులు ఎక్కువొచ్చేది సాధారణంగా బయట అమ్మితేనే. షోరూమ్‌లో ఎక్స్‌చేంజ్ బోనస్ ఘనంగా చూపించి, కొత్త కారు డిస్కౌంట్‌లో కోత పెట్టొచ్చు. అందుకే పాత కారు మాటెత్తకముందే కొత్తదాని ఆన్‌రోడ్ ధర కాగితం మీద రాయించుకోండి. ఇది మాత్రం మర్చిపోవద్దు.

శ్రమ: షోరూమ్‌లో సంతకాలు పెట్టి తాళాలిచ్చేస్తే చాలు. బయటైతే ఫోన్లు, బేరాలు, టెస్ట్ డ్రైవ్‌లు.

రిస్క్: యాజమాన్య బదిలీకి వాడే ఫారం 29, 30 మీద సంతకాలతో ఊరుకోకండి. ఆర్సీలో పేరు మారకపోతే, కూకట్‌పల్లిలో ఎవరో సిగ్నల్ దాటినా చలానా మీ పేరుమీదే. షోరూమ్‌కిచ్చినా పేరు మారిందో లేదో చూసుకోండి.

ఎలా అమ్మినా నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు బీమా ప్రీమియంలో వచ్చే తగ్గింపు) మీది, కారుది కాదు. బీమా కంపెనీ నుంచి దాని సర్టిఫికెట్ తీసుకుని కొత్త కారు పాలసీకి వాడుకోండి.

లోన్ తీరక, తీరికా లేకపోతే ఎక్స్‌చేంజ్ మేలు. సర్వీస్ రికార్డు పక్కాగా ఉండి, నెలరోజులు ఆగగలిగితే బయటే అమ్మండి.