గ్వాటెమాలా సిటీ ఎయిర్‌పోర్టు నుంచి ఆంటిగ్వాకి: యాప్ కారా, షటిలా, హోటల్ కారా?

డిసెంబరు సెలవులు దగ్గరపడే కొద్దీ నాకు ఇదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. "గ్వాటెమాలా సిటీలో దిగాక ఆంటిగ్వాకి ఎలా వెళ్ళాలి? ఉబెర్ సరిపోతుందా, ముందే కారు మాట్లాడుకోవాలా?" ఈ ఆంటిగ్వా కరీబియన్ దీవి కాదు, గ్వాటెమాలా దేశపు పాత రాజధాని. డాలస్ నుంచి నేను మూడుసార్లు వెళ్ళాను, మూడుసార్లూ మూడు రకాలుగా. మొన్న మార్చిలో అమ్మని తీసుకెళ్ళినప్పుడు మాత్రం మారు ఆలోచించకుండా హోటల్ వాళ్ళ చేతే కారు పెట్టించుకున్నాను.

దూరం పెద్దదేం కాదు. లా అవురోరా ఎయిర్‌పోర్టు ఊళ్ళోనే, 13వ జోన్‌లో ఉంది. అక్కణ్ణుంచి ఆంటిగ్వా సుమారు 40 కిలోమీటర్లు. రోడ్డు ఖాళీగా ఉంటే గంటలో చేరిపోతారు. సాయంత్రం రూజ్‌వెల్ట్ రోడ్డు మీద మిక్స్‌కో వైపు వెళ్ళే ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే రెండు గంటలు కూడా పట్టొచ్చు. శాన్ లూకాస్ దాటాక ఆంటిగ్వాలోకి దిగేదంతా మెలికల వాలు, మన ఘాట్ రోడ్డు లాగే. అందుకని విమానం సాయంత్రం నాలుగింటికి దిగుతుందంటే ఊరు చేరేసరికి చీకటి పడుతుందనే లెక్క వేసుకోండి.

ఉబెర్ గ్వాటెమాలా సిటీలో బాగానే నడుస్తుంది. మొదటిసారి ఒక్కడినే, ఒక బ్యాక్‌ప్యాక్‌తో మధ్యాహ్నం దిగి అందులోనే వెళ్ళాను, ఏ ఇబ్బందీ రాలేదు. రేటు ముందే తెలుస్తుంది, నంబర్ ప్లేటు ఫోన్‌లో కనిపిస్తుంది, దారి ఇంట్లోవాళ్ళకి షేర్ చేయొచ్చు. ఖర్చు కూడా హోటల్ కారు కన్నా తక్కువే. కాకపోతే తలుపు దాటి బయటికి వచ్చాక మన ఫోన్‌లో డేటా పనిచేయాలి, ఆ కార్ల వరుసలో మన కారుని మనమే పట్టుకోవాలి. అక్కడ సొంత కార్ల ప్లేటు 'పి' అక్షరంతో, టాక్సీలది 'ఎ'తో మొదలవుతుంది. అక్షరంతో సహా నంబరంతా సరిచూసుకునే ఎక్కండి.

షటిల్ వ్యాన్‌లో తలకింత అని తీసుకుంటారు. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి చవక. నలుగురున్న కుటుంబానికి లెక్క వేస్తే దాదాపు సొంతంగా మాట్లాడుకున్న కారు ఖర్చే అవుతుంది. రెండోసారి నేను దీన్నే బుక్ చేసుకున్నాను. డాలస్‌లో వాన వల్ల విమానం మూడు గంటలు ఆలస్యమైంది. దిగి చూస్తే వ్యాన్ ఎప్పుడో వెళ్ళిపోయింది, ఇచ్చిన నంబరుకి ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళు లేరు. రాత్రి తొమ్మిదిన్నరకి, రాని భాషలో, సూట్‌కేసు పక్కన పెట్టుకుని నిలబడ్డాను. ఆ అరగంట టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకే నా దృష్టిలో అసలు విషయం రేటు కాదు, కారు కూడా కాదు. మనం అనుకున్న టైముకి బయటికి రాకపోతే "వీళ్ళేరి?" అని అడిగే మనిషి ఒకరు ఉన్నారా లేదా అన్నదే. హోటల్ పెట్టిన డ్రైవరుకి మన ఫ్లైట్ నంబరు తెలుసు. అతను రాకపోతే హోటల్‌లో ఫోనెత్తి జవాబు చెప్పేవాళ్ళు ఉంటారు. అమ్మతో వెళ్ళినప్పుడు విమానం యాభై నిమిషాలు ఆలస్యమైతే, దిగేసరికే వాట్సాప్‌లో డ్రైవర్ ఫొటో, కారు నంబరు, "ఇక్కడే ఉన్నాను" అన్న మెసేజ్ వచ్చి ఉన్నాయి. కారుకి 45 డాలర్లు ఇచ్చాను. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని గేటు దగ్గర నిలబెట్టకుండా తీసుకెళ్ళగలిగాను, నాకు అది చాలు.

అయితే హోటల్ కారు విషయంలోనూ ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఎదురుచూసే జనం, డ్రైవర్లు తలుపు బయటే గుమిగూడి ఉంటారు. పేర్ల బోర్డులు పైకెత్తి పట్టుకుంటారు కాబట్టి ఆ పేరు ఎవరైనా చదవొచ్చు. చదివి, బోర్డు లేని మనిషి ఒకడు ముందుకొచ్చి మన పేరుతో పలకరిస్తే నమ్మేస్తాం. అందుకని మీ పేరు మీరు చెప్పకండి. "ఆ క్యెన్ ఎస్పెరా?" అని అడగండి, ఎవరి కోసం చూస్తున్నారని అర్థం. పేరుతో పాటు హోటల్ పేరు కూడా అతని నోటే రావాలి. ఇంకొకటి, మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకచోట, అసలు పేరు ఇంకోచోట ఉంటాయి. బోర్డు మీద ఏది రాస్తారో తెలియక మా అమ్మ తన ఇంటిపేరున్న బోర్డు ముందు నుంచే నడిచి వెళ్ళిపోయింది. బుక్ చేసేటప్పుడే ఐదారు అక్షరాల పేరొకటి ఇచ్చి, బోర్డు మీద అదే రాయమనండి.

ఎయిర్‌పోర్టు టాక్సీలు కూడా ఉన్నాయి, ఎక్కే ముందే రేటు ఖాయం చేసుకోవాలి. రోడ్డు మీద చెయ్యెత్తి ఆపే టాక్సీ మాత్రం వద్దు. అమెరికా పాత స్కూల్ బస్సులకి రంగులేసి నడిపే కామియొనేతాలు చూడముచ్చటగా ఉంటాయి గానీ, సామానుతో ఎక్కేవి కావు.

విమానం రాత్రి పదికో పదకొండుకో దిగేదైతే, ఆ రాత్రికి 13వ జోన్‌లోనో 10వ జోన్‌లోనో ఉండిపోయి పొద్దున్నే బయల్దేరండి. ఎయిర్‌పోర్టుకి వచ్చి తీసుకెళ్ళే చిన్న గెస్ట్‌హౌస్‌లు 13వ జోన్‌లో ఉన్నాయి. 1500 నంబరు ఫోన్‌లో సేవ్ చేసుకోండి, అది పర్యాటకుల సహాయానికి ప్రభుత్వం పెట్టిన ప్రొయాతుర్ నంబరు.

తిరుగు ప్రయాణానికి ఇంత ఆలోచన అక్కర్లేదు. పగటి విమానమైతే షటిల్ చాలు, అదే హోటల్ గుమ్మం దగ్గరికి వస్తుంది. మధ్యాహ్నం రెండుకి విమానమంటే మేము తొమ్మిదింటికల్లా ఆంటిగ్వా వదిలాం. మిక్స్‌కో దగ్గర ముప్పావు గంట ఆగిపోయినా కంగారు పడాల్సిన పని లేకపోయింది.