బ్యాండ్ రంపానికి చుక్కల సెట్టు: ఒక వేసవి వాడిన తరువాత

మా కోత మిల్లులో బ్యాండ్ రంపం (చక్రాల మీద తిరిగే పట్టీ లాంటి రంపం) బ్లేడుకు కర్ర బంక పట్టకుండా చూడడానికి చాలా ఏళ్లు డీజిల్‌లో ముంచిన గుడ్డనే వాడాము. తిరుగుతున్న బ్లేడుకు అంత దగ్గరగా మనిషి చేయి వెళ్లడం నాకు ఎప్పుడూ భయంగానే ఉండేది. అందుకే గత వేసవిలో, పది లీటర్ల ట్యాంకు, సన్నని గొట్టం, ఇత్తడి కుళాయి, బ్లేడుకు రెండు వైపులా ఆనే ఫెల్టు (ఒత్తిన ఉన్ని గుడ్డ) ముక్కలు ఉన్న, బ్లేడును చుక్కలు చుక్కలుగా తడిపే చుక్కల సెట్టును కొని బిగించాము.

పచ్చి వేప, మామిడి దుంగలు కోసేవారికి దీని అవసరం వేరుగా చెప్పనక్కరలేదు. బంక, పొట్టు కలిసి బ్లేడు మీద గట్టిపడితే, పళ్ల సెట్టింగ్ (పళ్లను అటూ ఇటూ కొద్దిగా వంచడం) వల్ల బ్లేడుకు ఇరువైపులా ఉండవలసిన ఖాళీ పూడుకుపోతుంది. అప్పుడు బ్లేడు కర్రను ఒరుసుకుంటూ వేడెక్కి, సాగి, బిగువు తప్పుతుంది, పలక ఒక చోట మందంగా, మరో చోట పలుచగా వస్తుంది. సెట్టు బిగించాక కోసిన మొదటి వేప దుంగ చివరి పలక దాకా సూటిగా తెగింది. యంత్రం ఆపి చూస్తే, మునుపు కత్తితో గీకవలసి వచ్చిన గోధుమరంగు పొర స్థానంలో పలుచని తడి మాత్రమే ఉంది.

నీటిలో కలిసే కటింగ్ ఆయిల్ వాడమని అమ్మినవారు చెప్పారు. ఆ మాట విని అదే వాడితే, తలుపులకు కోసిన టేకు పలకల మీద నూనె మరకలు పడ్డాయి, వాటిని మళ్లీ చిత్రిక పట్టవలసి వచ్చింది. ఇప్పుడు ట్యాంకు నిండా నీళ్లు పోసి, గిన్నెలు తోమే ద్రవ సబ్బు కొద్దిగా కలుపుతున్నాము. వేపకు, మామిడికి అదే చాలింది. తుమ్మ కోసేటప్పుడు మాత్రం కుళాయిని బాగా తగ్గించాలి, ఎందుకంటే ఆ కర్రలోని టానిన్ అనే వగరు పదార్థం తడి ఇనుముతో కలిస్తే పలక మీద నీలినలుపు మరకలు పడతాయి. టేకు పళ్లను త్వరగా మొద్దుబారుస్తుంది కనుక, ఎంత తడిపినా సాన తప్పదు.

లోపాలు లేకపోలేదు. ట్యాంకు మూత సరిగా బిగియదు, లోపలికి వెళ్లిన పొట్టు కుళాయిలో అడ్డుపడి ఒక వైపు చుక్కలు ఆగిపోతాయి. ఆ వైపు బంక పట్టడం మొదలయ్యే దాకా మాకు తెలియలేదు. మూత కింద నైలాన్ జల్లెడ గుడ్డ కట్టాక ఆ బాధ తగ్గింది. ఫెల్టు ముక్కలను వేడి నీళ్లలో పిండి ఆరబెట్టకపోతే బంకతో అవే గట్టిపడి, బ్లేడును తుడవడానికి బదులు గీకుతాయి.

సాయంత్రం కుళాయి ముందుగా కట్టేసి, బ్లేడును ఒక నిమిషం ఉత్తగా తిప్పి, యంత్రం పూర్తిగా ఆగాక నూనె గుడ్డతో తుడవాలి. వానాకాలంలో ఒక్క రాత్రి మరిచినా తెల్లవారేసరికి తుప్పు కనిపిస్తుంది. కొనేవారు రెండు జతల ఫెల్టులు అదనంగా అడిగి తీసుకోవాలి, సెట్టుతో ఇచ్చేది ఒక్క జతే.