పర్లాకిమిడిలో మా అబ్బాయి బడి: మూడేళ్ల అనుభవం

ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలోని ఒక ప్రైవేటు సీబీఎస్‌ఈ పాఠశాలలో మా అబ్బాయి మూడేళ్లుగా చదువుతున్నాడు. భవనం, ఆటస్థలం, వ్యాన్ బాగానే ఉన్నాయి. వాటి గురించి ఇంతకంటే చెప్పేది లేదు. చెప్పవలసింది అక్కడ పనిచేసిన ఇద్దరు ప్రిన్సిపాళ్ల గురించి.

ఆరో తరగతిలో లెక్కలు చెప్పేవారు ఒక్క ఏడాదిలో ముగ్గురు మారారు. డైరీ తిరగేస్తే దసరా ముందు ఒక సంతకం, సంక్రాంతికి మరొకటి, పరీక్షల నాటికి ఇంకొకటి. భిన్నాలు సగంలో ఆగిపోతే, కొత్తగా వచ్చినవారు అవి అయిపోయాయనుకుని దశాంశాలు మొదలుపెట్టారు. "ఈ మాస్టారూ వెళిపోనారు నాన్నా" అన్న మాట మా ఇంట్లో మామూలైపోయింది. జీతం చాలక వెళ్తున్నారేమో అనుకున్నాను. సరిహద్దు దాటితే ఆంధ్రాలోని పాతపట్నం, అక్కడా బడులున్నాయి కదా. కానీ వెళ్లిపోయిన మాస్టారొకరు బజారులో కలిసినప్పుడు జీతం ఊసే ఎత్తలేదు. పిల్లల ఎదుటే ప్రిన్సిపాల్ గారు తనను నిలదీసేవారనీ, ఖాళీ పీరియడ్లన్నీ అడ్మిషన్ల ఫోన్లకే సరిపోయేవనీ చెప్పారు. అమెరికాలో ఉపాధ్యాయులు బడులు వదిలి ఎందుకు వెళ్తున్నారన్న దానిపై రిచర్డ్ ఇంగర్‌సోల్ అనే పరిశోధకుడు 2001లో ప్రచురించిన అధ్యయనంలోనూ తక్కువ జీతం పక్కనే పాఠశాల పెద్దల అండ లేకపోవడం, నిర్ణయాల్లో టీచర్ల మాటకు చోటు లేకపోవడం కనిపిస్తాయి.

నిరుడు కొత్త ప్రిన్సిపాల్ గారు వచ్చారు. సైన్సు మార్కుల మీద గొడవకే వెళ్లిన నన్ను కూర్చోబెట్టి, టీచరును పిలిపించి, "ముందు టీచర్ గారు చెప్పేది విందామండి" అన్నారు. జవాబు పత్రం చూశాక తప్పు మావాడిదేనని తేలింది. లేచి వస్తుంటే నాకే చిన్నతనమనిపించింది. సీబీఎస్‌ఈ ప్రతి టీచరుకూ ఏటా 50 గంటల శిక్షణ ఉండాలంటుంది. మునుపు దానికి ఆదివారాలు పోయేవట, ఇప్పుడు పనిదినాల్లోనే పెడుతున్నారు. టీచరు రాని రోజు ప్రిన్సిపాల్ గారే క్లాసు తీసుకుంటారు. జీతాలు పెద్దగా పెరగలేదని విన్నాను, అయినా నిరుడు లెక్కలు చెప్పినావిడే ఈ ఏడూ చెబుతున్నారు.

ఒక్క ఫిర్యాదు మాత్రం మిగిలే ఉంది. తెలుగు పీరియడ్‌ను లెక్కల రివిజన్‌కు తీసేసుకుంటుంటే విసిగి వెళ్లిపోయిన తెలుగు మాస్టారి స్థానం ఇంకా ఖాళీయే. 1936లో ఒడిశాలో కలిసిన ఈ ఊళ్లో, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు ఇందరున్న క్లాసులో, ఆ గంట ఇప్పటికీ బొమ్మలు వేసుకోవడానికే పోతోంది.