కావలిలో ఒక రొయ్యల ల్యాబ్: పరీక్షల కన్నా జవాబుల కోసం వెళ్లవలసిన చోటు

తొలిసారి గుంట వేసిన రైతులు అడిగే ప్రశ్నలు ఎప్పుడూ దాదాపు ఒకటే: పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) ఎంత ఉండాలి, రొయ్యలు మేత ఎందుకు వదిలేస్తున్నాయి, తెల్లవారుజామున పైకి ఎందుకు తేలుతున్నాయి. కావలిలో నేను నీళ్లు పరీక్ష చేయించుకునే ల్యాబ్‌లోని టెక్నీషియను వీటికి రోజంతా బదులు చెబుతూ కూడా విసుగును గొంతులోకి రానివ్వడు. ‘అన్నా, ఈ నీళ్లు ఏ వేళప్పుడు పట్టారు?’ అని ముందు ఆయనే అడుగుతాడు. నాచు పగలంతా కార్బన్ డయాక్సైడును వాడుకోవడం వల్ల ఉదయం తక్కువగా ఉన్న పీహెచ్ మధ్యాహ్నానికి పెరుగుతుంది; పీహెచ్ పెరిగిన కొద్దీ అదే మోతాదు అమ్మోనియా రొయ్యకు మరింత విషమవుతుంది. అందువల్ల ఇద్దరు ఒకే ప్రశ్న అడిగినా ఇద్దరికీ ఒకే జవాబు సరిపోదన్న సంగతి ఆయనకు బాగా తెలుసు.

పీహెచ్ 7.5 నుంచి 8.5 వరకు, నీటిలో కరిగిన ఆక్సిజన్ 4 పీపీఎంకు (లీటరుకు 4 మిల్లీగ్రాములకు) తగ్గకుండా ఉండాలని తెలుగులో అచ్చువేసిన కాగితం అక్కడ ఉంది. అయితే నోటితో వివరించిన తరువాతే దానిని చేతికిస్తారు. వరుసలో ఉన్న పాత రైతు ఎవరైనా నవ్వితే, ‘తొలి పంటలో మీరూ ఇదే అడిగుంటారు పెద్దాయనా’ అని మెల్లగా ఆపుతారు. ‘ఏ యాంటీబయాటిక్ వేయాలి?’ అన్నవారిని కూడా కసురుకోరు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు నిషిద్ధమని, వాటి అవశేషాలు బయటపడితే విదేశాలు సరుకును తిప్పి పంపుతాయని చెబుతారు.

ఈ ఓపిక మర్యాదతో ముగిసే విషయం కాదు. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ మన తీరంలో టైగర్ రొయ్యను ఎంతగా దెబ్బతీసిందో చూసినవారు ఇప్పటికీ ఉన్నారు. అడగడానికి సిగ్గుపడిన కొత్త రైతు రోగం సోకిన నీటిని శుద్ధి చేయకుండా కాలువలోకి వదిలితే, ఆ కాలువ నీరే తోడుకునే పక్క గుంటలు కూడా పోతాయి.

లోపాలు లేకపోలేదు. ఆక్సిజన్ కొరత తెల్లవారే ముందు ఎక్కువగా వస్తుంది, కానీ ఆ వేళలో ఫోను ఎత్తేవారు లేరు. కాగితంలో ఆల్కలినిటీ (పీహెచ్ మార్పులను తట్టుకునే నీటి శక్తి) అంకె ఉందేగాని దాని అర్థం రాయలేదు. రుసుము మిగతా చోట్ల మాదిరే ఉంది. వెళ్లేవారు ఉదయం నీళ్లను, మధ్యాహ్నం నీళ్లను వేర్వేరు శుభ్రమైన సీసాల్లో పట్టి, పట్టిన వేళను పైన రాసుకుని వెళ్లండి.